చుట్టుదారి

ధ్యాన భాగములు: నిర్గమకాండము 13:17-18; ఆదికాండము 33:12-17



నవంబరు మాసము వచ్చుచున్నదనగానే ధారూరు జాతరకు ఎట్లు పోవలెనను మాట మన యిండ్లలో మొదలగును. రైలున్నది. 1874లో సికిందరాబాదు నుండి వాడికి వేసిన పట్టాల మార్గముననే, వికారాబాదు తాండూరుల మధ్య, ధారూరు స్టేషను నేటికిని ఉన్నది. అయినను గుడారము వేసికొని, కొన్ని దినములు చెట్ల క్రింద వండుకొని తినవలెనన్నచో బియ్యము, కట్టెలు, గిన్నెలు, దుప్పట్లు కావలెను గదా! పూర్వులు గూడుబండ్లు కట్టిరి. మనము ట్రాక్టరుకు ట్రాలీ తగిలించుచున్నాము.

మన గజ్వేలు వైపువారికి ధారూరునకు మధ్య హైదరాబాదు పట్టణము అడ్డముగా నున్నది. రాత్రివేళ పట్టణము నడుమనుండి దూరిపోదమని యౌవనస్థులు, చుట్టి పోదమని పెద్దలు. ఈ తగవు ప్రార్థన కూటమువరకు వచ్చినది గనుక దీనిని గూర్చి వ్రాయుచున్నాను.

ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచినప్పుడు ఫిలిష్తీయుల దేశపు మార్గము దగ్గరది. దేవుడు వారిని ఆ దారిని నడిపింపలేదు. ఆయనకు శక్తి లేకనా? సముద్రమును పాయలు చేసినవాడు ఫిలిష్తీయులకు జడియునా? నడుచువారు ఎవరో ఆయన యెరుగును. వారు ఇటుకలు చేసిన చేతులు గలవారు. యుద్ధమును చూచినచో వెనుకకు తిరుగుదురు. కాబట్టి ఆయన మైళ్లను లెక్కింపక మనుష్యులను లెక్కించెను. అయితే చుట్టుదారి సుఖమైనదని నేను చెప్పను. ఎదోమీయులు దారి ఇయ్యనందున వారి దేశమును చుట్టిపోవలసి వచ్చినప్పుడు, మార్గాయాసముచేత జనులు విసిగి సణిగిరని సంఖ్యాకాండము దాచక చెప్పుచున్నది.

యాకోబు మాట ఇంకను దగ్గరగా తగులును. నాలుగు వందల మందితో వచ్చిన ఏశావు కలిసి పోదమనెను. పిల్లలు పసివారనియు, పాలిచ్చు మందలు నాతో నున్నవనియు, ఒక్క దినము వడిగా తోలినను అవి చచ్చుననియు యాకోబు చెప్పి, పిల్లల నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను. (శేయీరునకు వచ్చెదనని చెప్పి సుక్కోతునకు పోయెను, ఆ మాట తప్పుటను నేను మెచ్చను. కాని మంద సంగతి ఆయన చెప్పినది నిజము.)

ఇప్పుడు నా తప్పు చెప్పవలెను. కొన్ని యేండ్ల క్రిందట దగ్గర దారి నిర్ణయించినవాడను నేనే. తెల్లవారుటకు ముందే పట్టణము దాటుదుమని తొందరపెట్టితిని. బరువంతయు ట్రాలీ వెనుక భాగమున నుండెను. అందువలన కొక్కెము పైకి లేచుచు బండి ఊగుచుండెను. ఒక మలుపులో ట్రాక్టరు తిరిగినది గాని ట్రాలీ చక్రము లోపలికి కోసుకొని రోడ్డు నడిమి దిమ్మె నెక్కెను. మూటలమీద కూర్చుండిన యొక అవ్వ క్రింద పడెను. ఆమె తుంటి యెముక విరిగినది. ఆమె ఆ యేడు జాతర చూడలేదు. ఆ తరువాత ఏ జాతరకును నడవలేదు. డ్రైవరును అందరు నిందించిరి. నేను ఊరకుంటిని. అదియే నా రెండవ పాపము.

ఈ యేడు మన దారి ఇది: గజ్వేలు, తూప్రాను, నర్సాపురము, సంగారెడ్డి, సదాశివపేట, మోమిన్‌పేట, వికారాబాదు. పట్టణము చుట్టు 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు ఉన్నది గదా యని కొందరు అడిగిరి. అది వడిగల వాహనములకు వేసినది. మెల్లగా నడుచు ట్రాలీతో దానిమీదికి పోరాదు. రాత్రి ప్రయాణము వద్దు. ట్రాలీ వెనుక ఎర్రని అద్దపు బిళ్లలుండవలెను. బరువు ఇరుసునకు కొంచెము ముందుగా నుండవలెను. వికారాబాదు దాటిన తరువాత అనంతగిరి ఘాటు దిగునప్పుడు ట్రాలీ వెనుకనుండి ట్రాక్టరును త్రోయును. చిన్న గేరులోనే దిగవలెను, న్యూట్రలు చేసి డీజిలు మిగుల్చుకొనరాదు.

ఆ అనంతగిరిలోనే మూసీ పుట్టి తూర్పున హైదరాబాదు నడుమనుండి పోవును. కాగ్నాయు ఆ కొండలలోనే పుట్టి, పట్టణమునకు వీపు త్రిప్పి, తాండూరు వైపు పోయి భీమలో కలియును. భీమయు మూసీయు రెండును కృష్ణలోనికే పోవును. ఘాటు దిగునప్పుడు మన పిల్లలకు దీనిని చూపుడి.

మనుష్యులు ట్రాలీలో ఎక్కరాదు. అది సామానుల బండి. చట్టమును అట్లే చెప్పుచున్నది. వృద్ధులు, బాలెంతలు, పిల్లలు బస్సులోను రైలులోను రావలెను. వారి టిక్కెట్ల కొరకు సంఘపు పెట్టెనుండి తీయుటకు పెద్దలు ఒప్పుకొనిరి. చాలనిచో నా జీతమునుండి వేసెదను.

గత ఆదివారము ఆ అవ్వ యింటికి పోయి, ఆనాడు తొందరపెట్టినది నేనేయని ఆమె కుమారుల యెదుట ఒప్పుకొంటిని. ఆమె చాలసేపు ఏమియు పలుకలేదు. తరువాత, “ఈసారి ట్రాలీల ఎవరు కూసుంటరు, అయ్యగారూ?” అని అడిగెను.

“ఎవ్వరు కూర్చుండరు, అవ్వా. బియ్యము, గుడారములు మాత్రమే,” అంటిని.

ఆమె మంచము క్రిందనుండి తన గొంగడి తీయించి, మడత పెట్టించి నా చేతికిచ్చెను. అక్కడ చలికి ఎవరికైన కప్పుమని, ట్రాలీలో దానిని ముందు దిక్కున పెట్టుమని చెప్పెను.