ఇచ్చుటయందలి ఆనందము

మానవహృదయమున కలుగు సంతోషమునకు మన భాషలో పేర్లు పెక్కు గలవు. ఇంద్రియములకు ఇంపైనది సుఖము. కోరినది చేతికందినపుడు పొంగునది హర్షము. ఇక చాలునని మనస్సు నిలిచినచో అది తృప్తి. కారణము తొలగినను తాను తొలగనిది ఆనందము. అట్లే ఇచ్చుటకును పేర్లనేకములు. యాచకునకు వేయునది భిక్ష. ఋత్విజునకు సమర్పించునది దక్షిణ. మ్రొక్కుకొని దేవునికై మూటగట్టి ఉంచునది ముడుపు. తనదియను భావమును సైతము విడుచుట త్యాగము. ఈ రెండు తెగల మాటలకు సంబంధమేమి? ఇచ్చువాడు సంతోషింపవచ్చునా? సంతోషము కొరకే ఇచ్చినచో అది దానమగునా, వర్తకమగునా?

కఠోపనిషత్తు ఒక దానముతోనే ఆరంభమగుచున్నది. వాజశ్రవసుడు సర్వస్వమును ఈయవలసిన యాగము చేయుచు గోవులను దానమిచ్చెను. అవి మేత మేయుట, నీరు త్రాగుట ముగిసినవి; పాలుడిగినవి; ఇక ఈనజాలనివి. బాలుడైన నచికేతుడది చూచి, ఇట్టివానిని ఇచ్చువాడు ఆనందము లేని లోకములకు పోవునని చింతించెను. ఆ లోకములకు అచ్చట చెప్పబడిన లక్షణము ఆనందము లేకుండుటయే. తనకు పనికిరానిదానిని పుణ్యమునకై ఇచ్చువాని హృదయమున ఆ క్షణముననే ఆనందము ఆరిపోవుచున్నదని మనము గ్రహింపవచ్చును.

భగవద్గీత పదునేడవ అధ్యాయమున దానము మూడు విధములుగా చెప్పబడినది. ఇచ్చుట తన ధర్మమని తలచి, దేశకాలపాత్రములెరిగి, తిరిగి ఉపకారము చేయజాలని వానికిచ్చునది సాత్త్వికము. ప్రత్యుపకారమును గాని ఫలమును గాని కోరి, మనస్సు నొచ్చుకొనుచు ఇచ్చునది రాజసము. అనాదరముతో, అవమానించుచు ఇచ్చునది తామసము. ఇచ్చట సంతోషమునకు నిషేధము లేదు. నొచ్చుకొనుటయే దోషముగా ఎంచబడినది.

అయినను ఒక ప్రమాదము గలదు. ఎదుటివాని వంగిన తలను చూచి కలుగు పొంగును కూడ మనము సంతోషమనియే పిలుచుకొందుము. దాని అసలు పేరు గర్వము. అందుచేతనే కాబోలు, తైత్తిరీయోపనిషత్తు శ్రద్ధతో ఇమ్మని చెప్పి ఊరకొనక, సిగ్గుతోను, భయముతోను ఇమ్మని బోధించినది. సిగ్గుపడవలసినవాడు పుచ్చుకొనువాడు కాడు, ఇచ్చువాడు!

ఈ మాటకు అర్థము నాకు బాల్యమున మా వంటింట తెలిసినది. మా పొరుగున భర్తను కోల్పోయిన ఒక ఇల్లాలుండెడిది. ఆమె ఇంట పొయ్యి వెలుగని దినములు మా తల్లికి తెలియును. జాలితో పిలిచినచో ఆమె రాదు. అందుచేత మా తల్లి గోడ ప్రక్క నిలిచి, "వదినా! ఒక్కదాన్నే కూర్చుంటే నాకు ముద్ద దిగదు. కాస్త తోడుగా రండి" అని పిలిచెడిది. ఇరువురును కలిసి భుజించెడివారు. ఒకనాడు నేను ఆమె ఎదుటనే, "అమ్మా! నువ్వు ఇందాకే తిన్నావు కదా!" అంటిని. ఆమె చేయి విస్తరిపై ఆగిపోయెను. మరునాడు ఆమె రాలేదు. మా తల్లి నన్నొక మాటయు అనలేదు. కాని ఆనాడు తాను సరిగా భుజింపలేదు. ఇచ్చుటలోని ఆనందమంతయు ఆ చిన్న మరుగుననే దాగియున్నదని, దానిని నేను చెరచితినని చాలకాలమునకు గాని నాకు బోధపడలేదు.

మనము 'అన్నము ఇచ్చుట' అనము, 'అన్నము పెట్టుట' అందుము. ఆ మాటలో ఎదుటివానిని కూర్చుండబెట్టుకొని, ఆకలి తీరువరకు దగ్గర నిలుచు ఆదరమున్నది. గోదావరి సీమలోని లంకలగన్నవరమున ఆకలిగొని వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారిని (1841-1909) జనులు అపర అన్నపూర్ణయనిరి. 2024లో ఆంధ్రప్రదేశమున బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టబడినది.

కనుక పాఠకులారా! ఇచ్చిన పిమ్మట సంతోషము కలిగినచో దానిని దోషమని తలపవలదు. ఎదుటివాని ఆకలి తీరినదని సంతోషించితిమా, మన చేయి పైనున్నదని సంతోషించితిమా యని మాత్రము ఒక్కసారి విచారించుకొనవలెను. మొదటిది ఆనందము. ఇచ్చిన ప్రతిసారియు దానినే అనుభవించు భాగ్యమును భగవంతుడు మనకు ప్రసాదించుగాక!