ఊరికే వచ్చిన డబ్బు

తెలుగులో ‘ఊరికే’ అన్న మాటకి రెండు ముఖాలున్నాయి. డబ్బు పెట్టకుండా చేతికొచ్చినదాన్ని ‘ఊరికే వచ్చింది’ అంటాం. పనీపాటా లేదనుకున్న మనిషిని ‘ఊరికే కూర్చుంది’ అంటాం. ‘ఇంట్లో ఊరికే ఉండేకంటే ఫోన్‌లో నాలుగు రాళ్లు సంపాదించుకోండి’ అని గృహిణుల్ని పిలిచే ప్రకటనల్లో ఈ రెండర్థాలూ ఒకదాన్నొకటి ఆసరా చేసుకుంటాయి. నీ సమయానికి ఎలాగూ విలువ లేదు కనక, మేమిచ్చే ఏ కాస్తయినా నీకు లాభమే అన్నది అందులోని తర్కం. ‘ఉచితం’ మాట ఇంకా విచిత్రం. తగినది, న్యాయమైనది అని దాని అసలర్థం. ఉచితానుచితాలు అన్నప్పుడు ఆ అర్థం ఇప్పటికీ బతికే ఉంది. ఉచితంగా వచ్చేది ఎంతవరకు ఉచితం అన్నదే నన్ను కొంతకాలంగా తొలుస్తున్న ప్రశ్న.

మోసాల గురించి కాదు నేను మాట్లాడుతున్నది. వీడియోలకి లైకులు కొడితే వేలు ఇస్తామని చెప్పి, మొదట రెండు వందలు చేతిలో పెట్టి, తర్వాత వేలకి వేలు కట్టించుకుని మాయమయ్యే ముఠాల కథలు మనందరికీ తెలుసు. అక్కడ నైతిక సందేహమేమీ లేదు, దొంగతనం దొంగతనమే. నేను చెప్పేది నిజాయితీ గల సైట్ల గురించి. చేరడానికి పైసా అడగవు. సర్వేలు నింపితే, ప్రకటన చూస్తే, ఫలానా యాప్ వాడి చూస్తే పాయింట్లు ఇస్తాయి. పాయింట్లు ఒక మేరకి చేరాక గిఫ్ట్ కార్డో, కాస్త నగదో ఇస్తాయి. చెప్పిన మాట ప్రకారమే ఇస్తాయి. చట్టానికి అభ్యంతరం లేదు. అభ్యంతరం ఏదైనా ఉంటే అది మనమే వెతుక్కోవాలి.

మా వదిన మూడేళ్లుగా ఈ పని చేస్తోంది. కాకినాడలో ఉంటుంది. యాభై రెండేళ్లు, బీయస్సీ చదివింది, ఉద్యోగం చెయ్యలేదు. మధ్యాహ్నం భోజనాలై గిన్నెలు సర్దాక ఫోను పట్టుకుంటుంది. నేనొకసారి పక్కన కూర్చుని చూశాను. వయసు, ఊరు, చదువు, వృత్తి, ఇంట్లో ఎంతమంది, ఫ్రిజ్ ఉందా, కారుందా, గత మూడు నెలల్లో ఏ సబ్బు కొన్నారు... ఇలా పది నిమిషాలు అడిగి, ఆ తర్వాత ‘క్షమించండి, ఈ సర్వేకి మీరు సరిపోరు’ అని వచ్చింది. ఆ పది నిమిషాలకి ఏమీ రాదు. కొన్నిచోట్ల ఓదార్పుగా ఒకటో రెండో పాయింట్లు పడతాయట. సర్వే దొరికితే మధ్యలో పరీక్షలు కూడా ఉంటాయి. ‘మీరు శ్రద్ధగా చదువుతున్నారని తెలియడానికి ఇక్కడ ఏకీభవించను అన్నది నొక్కండి’ అని అడుగుతారు. అది తప్పితే చేసినదంతా పోతుంది. స్కూల్లో నా విద్యార్థుల్ని ఇంత అనుమానంగా చూస్తే వాళ్లు ఊరుకోరు.

వదిన ఒక నోటుపుస్తకంలో లెక్క రాస్తుంది. పాల లెక్క, చాకలి పద్దు రాసే అలవాటే ఇది కూడా. నా కోరిక మీద ఏడాది పాటు నిమిషాలు కూడా రాసింది. డబ్బు వచ్చిన సర్వేలకి అరవై ఒక్క గంటలు. మధ్యలో తోసేసినవాటికి ముప్పై ఎనిమిది గంటలు. మొత్తం తొంభై తొమ్మిది గంటలు. చేతికొచ్చింది రెండువేల నూట యాభై రూపాయలు. గంటకి ఇరవై రెండు రూపాయలు కూడా పూర్తిగా పడలేదు. ఎనిమిది గంటల రోజు వేస్తే నూట డెబ్భై నాలుగు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ పనికి ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు.

ఈ లెక్క చూడగానే నాకు నరసాపురం గుర్తొచ్చింది. మరియా మీస్ పుస్తకం మనలో చాలామంది చదివినదే. 1982లో వచ్చిన ఆ పుస్తకంలో ఆమె మన గోదావరి జిల్లా లేసు అల్లే ఆడవాళ్ల గురించి రాసింది. మిషనరీలు నేర్పిన పని, తర్వాత ఎగుమతి వ్యాపారమైంది. దారం ఇంటికొస్తుంది, అల్లిక ఇంటినుంచి వెళ్తుంది. ఒకరు అల్లుతారు, ఇంకొకరు ముక్కలు అతుకుతారు, మధ్యలో ఏజెంట్లు, పైన వ్యాపారులు. రోజుకి ఆరేసి ఎనిమిదేసి గంటలు అల్లే మనిషిని వ్యాపారులు, భర్తలు, జనాభా లెక్కలవాళ్లు అందరూ ఇంట్లో ఊరికే ఉండే మనిషిగానే చూశారు. తీరిక వేళ చేసే పని అన్న ఒక్క మాటతో కూలి రేటు పడిపోయింది. పొలంలో దిగిన దళిత స్త్రీకి అంతకంటే ఎక్కువ కూలి దక్కేది. అయినా లేసు అల్లే అగ్రకులాల, మధ్యకులాల ఇళ్లలో, గడప దాటకుండా సంపాదించడమే గౌరవం అనుకునేవారు. ఆ గౌరవం ఖరీదు వాళ్ల కూలిలోంచే కోతపడింది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరిపేరుకి గుర్తింపు వచ్చింది, సంతోషమే. అల్లే చేతుల రేటు సంగతి వేరు.

ఈ పాత ఏర్పాటే ఇప్పుడు ఫోనులోకి వచ్చింది. 2005లో అమెజాన్ మొదలుపెట్టిన పని బజారుకి ‘మెకానికల్ టర్క్’ అని పేరు పెట్టారు. 1770లో కెంపెలెన్ అనే ఆయన తయారుచేసిన చదరంగమాడే యంత్రం పేరు అది. నిజానికి దాని పెట్టెలో ఒక మనిషి దాక్కుని ఆడేవాడు. ఇంత నిర్మొహమాటంగా పేరు పెట్టుకున్న వ్యాపారం ఇంకోటి నాకు తెలీదు. ఫొటోలో ఏముందో చెప్పడం, రెండు వాక్యాల్లో ఏది బాగుందో తేల్చడం వంటి చిన్న చిన్న పనులకి అక్కడ పైసల్లెక్కన చెల్లిస్తారు. పని ఇచ్చినవాళ్లు నచ్చలేదని డబ్బు ఎగ్గొట్టి, చేసిన పనిని మాత్రం ఉంచుకోవచ్చు. 2018లో వచ్చిన ఒక అధ్యయనం అక్కడి మధ్యస్థ సంపాదన గంటకి రెండు డాలర్లని తేల్చింది. లిల్లీ ఇరానీ, సిక్స్ సిల్బర్‌మన్ ఈ పద్ధతికి జవాబుగా అంతకు చాలా ముందే ‘టర్క్ ఆప్టికాన్’ తయారుచేశారు. పని ఇచ్చేవాళ్లకి పనిచేసేవాళ్లు మార్కులు వేసే ఏర్పాటు అది. పెట్టెలోని మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి అదొక కిటికీ అయింది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే వ్యాసం సులువుగా తెమిలిపోతుంది. దోపిడీ, దానికో ఉదాహరణ, అంతే. కానీ వదిన దగ్గర ఆ మాట అంటే నవ్వుతుంది. ఆమె నవ్వులో నాకు తెలియని విషయమేదో ఉందనిపించి, ఏ సర్వేలు నచ్చుతాయని అడిగాను. బట్టల సబ్బుల సర్వేలంట. గట్టి నీళ్లలో ఏ పొడి నురగ రాదు, కాలర్ మురికికి ఏది పనిచేస్తుంది, తెల్లచీర ఎన్ని ఉతుకులకి పసుపు తిరుగుతుంది, ఇవన్నీ రాస్తుంది. “ముప్పై ఏళ్లనుంచి ఉతుకుతున్నానమ్మా. నీకేమనిపిస్తోంది అని అడిగింది వీళ్లొక్కళ్లే” అంది.

ఈ మాటకి నా దగ్గర తయారుగా జవాబు లేదు. 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసిన స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చించారు, పురుషులు 97. 2024లో మళ్లీ లెక్కేస్తే స్త్రీలవి 289 అయ్యాయి, పురుషులవి ఇంకా తగ్గి 88కి వచ్చాయి. ఈ నిమిషాల్లో పోగైన జ్ఞానానికి మనం స్త్రీవాదులం కవిత్వంలో విలువ కట్టాం. ఇంటిచాకిరీకి వేతనం అని సిల్వియా ఫెదరీచి 1975లో రాసినదాన్ని క్లాసుల్లో పాఠం చెప్పాం. డబ్బు కట్టి కొన్నది మాత్రం సబ్బుల కంపెనీ. కట్టిన ధర సిగ్గుచేటైనది, నిజమే. కానీ ఇంట్లో కట్టిన ధర సున్నా. ఇరవై రెండు రూపాయలు తక్కువని కోపం తెచ్చుకునే హక్కు సున్నాతో ముప్పై ఏళ్లు సర్దుకుపోయిన కుటుంబానికి ఉందా? ఆ కుటుంబంలో నేనూ ఒకదాన్ని. పండక్కి వెళ్లి వదిన చేతి వంట తిని వచ్చే ఆడపడుచుని.

అయితే వదినకి ఒక ధర్మసందేహం వచ్చింది. ఇది చిన్నదే కానీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ప్రతి సర్వే మొదట్లోనూ ఇంటి ఖర్చుకి ఎక్కువ డబ్బు ఇచ్చే వ్యక్తి ఎవరని అడుగుతుంది. 2011నుంచి మన దేశంలో మార్కెట్ పరిశోధనవాళ్లు కుటుంబాల్ని తరగతులుగా విడదీసిన పద్ధతికి మూలం ఇదే. ఆ ముఖ్య సంపాదనపరుడి చదువు, ఇంట్లో ఫ్యాను, గ్యాసుపొయ్యి, ఫ్రిజ్ వంటి పదకొండింటిలో ఎన్ని ఉన్నాయన్న లెక్క, ఈ రెండూ కలిపి ఇంటికో అక్షరం వేసేవారు. వదిన బీయస్సీకి ఆ గళ్లలో చోటు లేదు. (2024లో తెచ్చిన కొత్త పద్ధతిలో ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివిన స్త్రీ చదువుని కూడా కలిపారు. పదమూడేళ్లు పట్టింది.) గృహిణి అని పెడితే చాలా సర్వేలు అక్కడే మూసుకుపోతాయి. “ముఖ్య సంపాదన నాదేనని పెట్టెయ్యనా? అబద్ధమవుతుందంటావా?” అని ఫోన్ చేసి అడిగింది.

పెట్టెయ్ వదినా అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి అబద్ధమాడినా పాపం రాని సందర్భాలు వరసగా చెప్తాడు. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్లలో, ప్రాణానికీ ధనానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు, ఇలా. మగవాడు ఆడవాళ్ల విషయంలో అబద్ధమాడొచ్చు. ఆడది ఎప్పుడు అబద్ధమాడొచ్చో ఏ గురువూ జాబితా ఇవ్వలేదు. నా వాదన ఇది: నిజం చెప్పడానికి చోటివ్వని ప్రశ్నకి నిజం బాకీ ఉండం. ఆమె వండకపోతే హోటలుకి, ఉతకకపోతే లాండ్రీకి, అత్తగారిని చూసుకోకపోతే నర్సుకి ఎంతవుతుందో లెక్కేస్తే ఖర్చు సగం మోసేది ఆమే. ప్రశ్న ‘డబ్బు’ అన్నది కనక జవాబు అబద్ధమవుతోంది.

వదిన ఒప్పుకోలేదు. సైటు మీద భక్తితో కాదు. “నేను ఉద్యోగస్తురాలినని పెడితే, ఇంట్లో ఉండేవాళ్ల మాట ఎవరు చెప్పినట్టు?” అంది. ముప్పై ఎనిమిది గంటలు పోయినా సరే గృహిణి అనే పెడుతోంది. నిజం చెప్పడం సైటుకి తీర్చే బాకీ అనుకున్నాను నేను. ఆమెకది తనలాంటివాళ్ల కోసం వేసే ఓటులాంటిది. ఆ ఓటు ఎవరి చెవిన పడుతుందని నా అనుమానం, తోసేసిన జవాబుల్ని ఎవరు చదువుతారు? మేమిద్దరం ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు.

డబ్బు సంగతికొస్తే, ఆమె నగదు తీసుకోదు, ఎప్పుడూ గిఫ్ట్ కార్డే. అదేమిటి, కార్డుతో ఒక్క కొట్లోనే కొనాలి, ఆటోకి ఇవ్వలేవు, తేయాకు తోటల్లో కూలీలకిచ్చిన టోకెన్లలాంటిది కదా అన్నాను. ఆమె వివరించాక నా సిద్ధాంతం తలకిందులైంది. నగదు బ్యాంకు ఖాతాలోకి వెళ్తుంది. ఖాతా ఇద్దరి పేరునా ఉంది, మెసేజ్ మోగేది అన్నయ్య ఫోనులో. కార్డు నంబరు మాత్రం ఆమె మెయిల్‌కి వస్తుంది. అన్నయ్య చెడ్డవాడు కాడు. ‘ఎక్కడిది ఈ రెండు వందలు?’ అని నవ్వుతూనే అడుగుతాడు. ఆ నవ్వుతూ అడిగే ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేని డబ్బు ఆమెకి కావాలి. పోపుల డబ్బాలో దాచుకున్న తరం ఎరిగిన సంగతే ఇది. ఆ కార్డులతో ఒకసారి చదువుకునే కళ్లద్దాలు కొంది, ఒకసారి కుండీలు.

వర్జీనియా వూల్ఫ్ 1929లో రచయిత్రికి ఏడాదికి ఐదువందల పౌండ్లు, ఒక గది కావాలంది. ఆ ఐదువందలూ ఎక్కడివని మనం తక్కువగా అడుగుతాం. పుస్తకంలో కథ చెప్పే స్త్రీకి అవి మేనత్త వీలునామా వల్ల వచ్చాయి. ఆ మేనత్త బొంబాయిలో గుర్రం మీదనుంచి పడి చనిపోయింది. వారసత్వపు కబురు, ఓటుహక్కు కబురు దాదాపు ఒకేసారి వస్తే, డబ్బే ముఖ్యమనిపించిందంటుంది ఆమె. అంటే ఆ స్వేచ్ఛ కూడా ఊరికే వచ్చినదే, పైగా వలస రాజ్యం మీదుగా. దాన్ని మనమెవరం చిల్లర డబ్బు అనలేదు.

ఇంకొకటి మిగిలింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం సమ్మతి స్వేచ్ఛగా, షరతుల్లేకుండా ఉండాలంటుంది. వదిన తన థైరాయిడ్ మాత్రల పేరు దగ్గరనుంచి రాత్రి నిద్ర పట్టే వేళదాకా రాసింది. ఇంకెక్కడా సొంతంగా రూపాయి రాని మనిషి నొక్కిన ‘అంగీకరిస్తున్నాను’ని స్వేచ్ఛ అనడానికి నాకు నోరు రావడం లేదు. కాదనడానికీ రావడం లేదు, ఎందుకంటే ఆమె చదివే నొక్కింది, అక్కర్లేదనుకున్న ప్రశ్నల్ని దాటేసింది కూడా.

తోసేసిన నిమిషాలకి కూడా డబ్బివ్వమని ఆ సైటుకి ఇంగ్లీషులో ఉత్తరం రాసిపెట్టమంది. రాశాను. జవాబు రాలేదు. వచ్చే వారం ఇద్దరం పోస్టాఫీసుకి వెళ్తున్నాం, ఆమె ఒక్కదాని పేరున ఖాతా తెరవడానికి. ఆధార్, పాన్ దగ్గరే ఉన్నాయి. ఫోన్ నంబరు మాత్రం ఆమెదే వేయించాలి.