ఫొటో వెనుక సంకల్పం

ఆస్ట్రేలియాకు చదువు కోసమో, ఉద్యోగం కోసమో వెళ్ళిన మన పిల్లలు ఇంటికి ఫొటోలు పంపుతుంటారు. వాటిలో ఈము పక్షి ఫొటో ఉంటే ఇంటిల్లిపాదీ నవ్వుకుంటాం. పొడవాటి మెడ, చెదిరిన ఈకలు, ఆశ్చర్యపోయినట్లుండే కళ్ళు! నవ్వు రావడం సహజమే, అందులో తప్పు లేదు. అయితే మన చూపు ఆ నవ్వు దగ్గరే ఆగిపోవచ్చా?

ఈము జాతిలో గుడ్లను పొదిగేది మగపక్షి. సుమారు ఎనిమిది వారాలపాటు అది దాదాపు ఏమీ తినకుండా గూటినే అంటిపెట్టుకుని ఉంటుంది. ఒంట్లోని కొవ్వే దానికి ఆధారం. పిల్లలు బయటికి వచ్చాక కూడా నెలల తరబడి వాటిని వెంటబెట్టుకుని కాపాడుతుంది. మనం నవ్వుకున్న ఫొటోలో ఈ ఓర్పు కనిపించదు.

వింతగా ఉన్నదాన్ని సరిగా చూడకుండానే పేరు పెట్టేయడం మనిషికి పాత అలవాటు. 1696లో డచ్ నావికుడు విల్లెం డి వ్లామింగ్ ఆస్ట్రేలియా పడమటి తీరంలోని ఒక దీవిలో క్వొక్కాలను చూసి పెద్ద ఎలుకలనుకున్నాడు. ఆ దీవికి ‘ఎలుకల గూడు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అదే నేటి రాట్‌నెస్ట్ దీవి. నిజానికి పిల్లి అంత ఉండే క్వొక్కా కంగారూకు బంధువు, పిల్లను సంచిలో మోసే జంతువు. ఆనాడు ఎలుక అన్నారు, ఈనాడు ‘లోకంలోకెల్లా సంతోషంగా ఉండే జంతువు’ అంటున్నారు. రెండూ మనిషి ఊహలే. దాని నోటి ఆకారం మనకు చిరునవ్వులా కనిపిస్తుంది, అంతే! ఆ నవ్వు పక్కన తమ ముఖం ఉండాలని కొందరు తినేదేదో చూపి దాన్ని దగ్గరికి రప్పిస్తారు. మనిషి తిండి దానికి హాని చేస్తుంది. అందుకే అక్కడ వాటిని తాకడం, వాటికి తిండి పెట్టడం నిషిద్ధం.

టాస్మేనియాలోని మరియా దీవిలో వాంబాట్ అనే జంతువులున్నాయి. సెల్ఫీ కర్ర పట్టుకుని వాటి వెంటపడబోమని, వాటిని చుట్టుముట్టబోమని మాట ఇవ్వవలసిందిగా 2019లో యాత్రికులను కోరారు. మూగజీవానికి మనిషి వాగ్దానం చేయవలసిన పరిస్థితి ఎందుకొచ్చిందో ఆలోచించండి!

కనుక ప్రశ్న కెమెరా గురించి కాదు, సంకల్పం గురించి. మనం ఆ ప్రాణిని చూడటానికి ఫొటో తీస్తున్నామా? లేక మనల్ని మనం చూపించుకోవడానికా? చూడాలనుకున్నవాడు దూరంగా నిలబడతాడు, ఓపిక పడతాడు. అది బెదిరి వెళ్ళిపోతే వెళ్ళనిస్తాడు. చూపించుకోవాలనుకున్నవాడికి అది ఒక అలంకారం మాత్రమే.

‘ఒక్క ఫొటోతో ఏం నష్టం?’ అని కొందరు అడగవచ్చు. మనకు అది ఒక్క ఫొటోయే. కాని ఆ రోజు దాని మీదకు వంగినవారిలో మనం ఎన్నోవాళ్ళమో ఆ జంతువుకే తెలియాలి.

నోరులేని ప్రాణులు మన మీద ఫిర్యాదు చేయలేవు. అంతమాత్రాన మన జవాబుదారీ తీరిపోదు. ఈసారి పిల్లలు ఫొటో పంపినప్పుడు ‘ఎంత దగ్గరికి వెళ్ళావు?’ అని మురిసిపోకుండా, ‘దాని గురించి ఏం తెలుసుకున్నావు?’ అని అడుగుదాం.