ఎగిరే పక్షి, ఎగరలేని అప్పు

 

ముల్క్ సూరా 19వ ఆయతులో అల్లాహ్ మన దృష్టిని తలపైన ఎగిరే పక్షుల వైపు మళ్లించాడు. వాటిని గాలిలో నిలిపి ఉంచేది తన కారుణ్యమేనని తెలియజేశాడు.

తొర్రూరు చుట్టుపక్కల చెరువుల్లో నీటికాకులను మనం చూస్తూనే ఉంటాం. మునిగే పక్షులు రక్తంలో, కండరాల్లో ప్రాణవాయువును నిల్వ చేసుకుంటాయి. నిల్వ ఉన్నంతసేపే వేట. అది తరిగితే చేప చిక్కకపోయినా పైకి రావలసిందే.

నీటి అడుగున ఉన్న కరువే కొండలపైనా ఉంది. 5,500 మీటర్ల ఎత్తున ప్రాణవాయువు సముద్రమట్టంలో దొరికేదాంట్లో సగమే. తలపై రెండు నల్లని పట్టీలున్న పెద్దబాతు ఒకటి చలికాలంలో మన తెలంగాణ చెరువులకూ వస్తుంది. ఈ జాతి లడఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తునున్న త్సో మోరీరి సరస్సు దగ్గర గుడ్లు పెడుతుంది, హిమాలయాలను దాటుతుంది. దాని రక్తంలోని హిమోగ్లోబిన్ పలుచని గాలి నుంచి కూడా ప్రాణవాయువును గట్టిగా పట్టుకుంటుంది. శ్వాస లోతైనది. రెక్కల కండరాల్లో సన్నని రక్తనాళాలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. ప్రతి కొత్త పరిశోధననూ ఆయతులకు అతికించాలని మేము అనడం లేదు. సృష్టిని చూసి యోచించమన్న ఆజ్ఞ చాలు.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది వేరొకటి. ఇంత శక్తి ఉన్నా ఆ బాతు ఎత్తులోనే ఉండిపోదు. కొండ వస్తే ఎక్కుతుంది, లోయ వస్తే దిగుతుంది. ఎక్కిన ఎత్తును వదులుకుని మళ్లీ ఎక్కడం నష్టమనిపిస్తుంది. కానీ పలుచని గాలిలో రెక్కలాడించడమే ఎక్కువ శ్రమ అని 2015లో వెలువడిన పరిశోధన తేల్చింది.

మరి మన ఇళ్లలో? పెద్దింటి పెళ్లిలో చూసిన ఎత్తు మన పెళ్లిలోనూ తగ్గకూడదు! జోడా రకం, జహేజ్, ఫంక్షన్ హాలు, రెండు రకాల బిర్యానీ. దానికోసం వడ్డీకి అప్పు. అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం వేయడని బఖరా సూరా చివరి ఆయతు బోధిస్తోంది. ఈ భారం ఆయన వేసింది కాదు, మనం నెత్తికెత్తుకున్నది. ఆడపిల్ల తండ్రి ఏళ్ల తరబడి ఊపిరాడక దాన్ని మోస్తున్నాడు.

ఖైబర్ నుంచి తిరిగివస్తూ దైవప్రవక్త (స) హజ్రత్ సఫియ్యా (రజి)ను వివాహమాడి వలీమా ఇచ్చారు. అందులో రొట్టె లేదు, మాంసం లేదు. తోలు దస్తర్‌ఖాన్‌లు పరిచి ఖర్జూరాలు, ఎండబెట్టిన పెరుగుగడ్డలు, నెయ్యి వడ్డించారు.