నూరీ పేరు మార్చమన్నారు

మంజీర దగ్గరి బోరంచ మా ఊరు. నల్లపోచమ్మ గుడి ఉన్న బోరంచ అంటే నారాయణఖేడ్ ప్రాంతంలో ఎవరైనా గుర్తుపడతారు. 2016 దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. మా నానీ ఉర్దూలో జిన్నుల కథలు, పరీల కథలు చెప్పేది. పక్కింటి అవ్వ తెలుగులో ఏడుగురు రాజకుమారుల కథ చెప్పేది. ఏ కథ ఎవరిదని మేమెన్నడూ అడగలేదు. రెండిళ్ల గడపల మీదా నిద్రపోయాం.

ఆ కథల బలంతోనే పిల్లల కోసం ఒక నవల రాశాం. మంజీర అడుగున ఒక మాయానగరం. అక్కడ ఒక్కొక్క మాటా మాయమైపోతుంటుంది. పోయిన మాటలను వెతికి తెచ్చే పదేళ్ల పిల్ల నూరీ. వాళ్ల అబ్బా ఊరూరా తిరిగి గాజులమ్ముతాడు.

రాయడం ఒక ఎత్తు, అచ్చు వేయించడం ఇంకో ఎత్తు. ఇంగ్లీషు లోకంలో రచయిత తరఫున ప్రచురణకర్తతో మాట్లాడే ఏజెంట్లుంటారు. 1997లో అచ్చైన హ్యారీ పాటర్ మొదటి నవల లండన్‌లోని బ్లూమ్స్‌బరీకి అలాగే చేరింది. తెలుగులో ఆ పద్ధతి దాదాపు లేదు. రాసినవాళ్లే రాతప్రతి సంచిలో వేసుకొని తిరగాలి. లేదంటే సొంత డబ్బుతో అచ్చేసి, కమిషన్ మీద షాపులకివ్వాలి. ఏజెంటు లేడని మేం బాధపడలేదు. మా తరఫున మాట్లాడతామనే పెద్దమనుషులు మాకు ముందునుంచే చాలామంది ఉన్నారు. ఈ ఒక్కసారైనా మా మాట మేమే చెప్పుకుందామనుకున్నాం.

ఒక ప్రచురణకర్త చదివి, "కథ బాగుంది భాయ్. నూరీని నీరజ చేయండి చాలు. అన్ని ఇళ్ల పిల్లలూ చదవాలి కదా" అన్నాడు. ఇంకొకాయన, "మీ వాళ్ల బాధలు రాయండి, వేస్తాం. పరదా, పేదరికం, అల్లర్లు. మాయలూ మంత్రాలూ మీకెందుకు?" అన్నాడు.

మా మేలు కోరే పంతులుగారొకరు, "ముందు పుస్తకం రానీయండి, పేరుదేముంది?" అన్నారు. ఆ మాటకు మేం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. అచ్చుకాని నవల ఏ పిల్లకూ అందదు. నీరజ కూడా మాకు పరాయిది కాదు, బడిలో మా పక్కన కూర్చున్న పిల్లే. మరి ఎందుకు ఒప్పుకోలేకపోయాం?

అల్లావుద్దీన్ పేరు మార్చమని ఎవరైనా అన్నారా? 1957లో అక్కినేని అల్లావుద్దీన్ అయితే జనం చూశారు. 1970లో ఎన్టీఆర్ అలీబాబా అయితే చూశారు. బగ్దాదు సింద్‌బాద్ తెలుగు పిల్లల దోస్తు. అంటే ముస్లిం పేరు అడ్డం కాదు. దూరదేశపు ముస్లిం పేరైతే అద్భుతం. పక్కింటి ముస్లిం పేరైతే మాత్రం సమస్య! బోరంచ నూరీకి దీపమూ లేదు, తివాచీ లేదు. ఆమె నేరం ఇక్కడిది కావడమే.

ఎప్పుడూ ఇలాగే ఉందా? లేదు. ఉర్దూలో పెద్ద మాయాగాథ తిలిస్మె హోష్‌రుబాను 1883 నుంచి అచ్చువేసింది లక్నోలో మున్షీ నవల్ కిశోర్ ప్రెస్. ఆ హిందూ ప్రచురణకర్త అమీర్ హంజా పేరు మార్చమనలేదు. బెంగాలీ ముస్లిం స్త్రీ రుకియా సఖావత్ హుస్సేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు పత్రికలో వచ్చింది. స్త్రీలు ఏలే దేశం గురించిన కల అది. ఆ పత్రిక నడిపింది క్రైస్తవ స్త్రీ కమలా సత్యనాథన్. కల కన్నది సుల్తానాగానే అచ్చయింది.

1998లో 'జల్జలా', 2004లో 'వతన్' మా కోపాన్నీ మా దుఃఖాన్నీ తెలుగులోకి తెచ్చాయి. అవి రావాల్సినవే. కానీ ఏడ్చే హక్కు ఒక్కటే ఇచ్చి, కలగనే హక్కు మీది కాదంటే ఎట్లా? మా పిల్లలు వార్తల్లో మాత్రమే ఉండాలా? కథల్లో ఎగరొద్దా?

ప్రచురణకర్త మాటకు విలువ లేదని మేమనడం లేదు. అధ్యాయం తగ్గించమంటే తగ్గిస్తాం. కష్టమైన మాట తీసేయమంటే తీసేస్తాం. అది పాఠకుడి కోసం చేసే మార్పు. కథలో ఎవరుండాలో, ఎవరుండకూడదో తేల్చే మార్పు వేరు. దానికి తలవంచితే, రేపు నూరీ అనే పిల్ల పుస్తకం తెరిచి తనను వెతుక్కుంటే ఏం చెబుతాం? నీరజకు మాత్రం ఏం చెబుతాం? నీ పక్కన కూర్చున్న పిల్ల పేరు నువ్వు తట్టుకోలేవని పెద్దవాళ్లు అనుకున్నారమ్మా అనా?

మొన్న బోరంచలో చెట్టు కింద పిల్లల్ని కూర్చోబెట్టి రెండు అధ్యాయాలు చదివాం. అన్ని ఇళ్ల పిల్లలూ వచ్చారు. "నూరీ మల్ల ఒడ్డుకొస్తదా?" అని అడిగారు. పేరు సంగతి ఒక్కరూ అడగలేదు.

రాతప్రతి మళ్లీ సంచిలో పెట్టాం. ఇంకో తలుపు తడతాం. అదీ మూసుకుంటే చేతనైనన్ని కాపీలు మేమే వేసుకుంటాం. నూరీ మాత్రం నూరీగానే ఒడ్డుకొస్తుంది.