దేని గురించి రాస్తున్నావు, బిడ్డా?

కరీంనగర్

మనుమరాలా,

నువ్వు పంపిన కథా, గోండుల నాగోబా జాతర మీద నీ సిద్ధాంత గ్రంథంలోని రెండో అధ్యాయమూ చదివాను. రెండింట్లోనూ నీకు తెలిసినవన్నీ ఉన్నాయి. ఏం చెప్పాలని కూర్చున్నావో అది మాత్రం వెతుక్కోవలసి వచ్చింది.

ముందు కథ. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడి భార్య బీడీలు అప్పజెప్పడానికి పోయిన ఘట్టం ఉంది చూడు, అది నిజమైన రాత. బీడీలు తీసుకునేవాడు ఒక్కో కట్టా విప్పి, వేళ్లతో నొక్కి చూసి, బాగాలేవని కొన్ని పక్కకు పడేస్తుంటాడు. వాటికి కూలి రాదు, ఆకు లెక్క మాత్రం ఆమె మీదే పడుతుంది. ఆమె నోరు మెదపదు, పక్కన పడ్డవాటినే చూస్తుంటుంది. అప్పూ, ఆకలీ, ఎదురు మాట్లాడలేనితనమూ అన్నీ అక్కడే వచ్చేశాయి. తర్వాతి పేజీలో ఆమె కొడుకు చేత ప్రపంచీకరణ మీద ఉపన్యాసం ఇప్పించావు. పదో తరగతి పిల్లవాడు తల్లి ముందు అట్లా మాట్లాడడు. నీ వస్తువు మీద నీకే నమ్మకం చాలక ఆ మాటలు అతని నోట్లో పెట్టావు. ఆ పేజీ తీసెయ్యి.

కథా, పరిశోధనా రెండూ చెయ్యగలనా అని అడిగావు. మన హనుమాజీపేటలో పుట్టిన కవి సినారెను చూడు. ఆధునిక కవిత్వంలో సంప్రదాయమేది, ప్రయోగమేది అన్న ప్రశ్న పట్టుకుని సిద్ధాంత గ్రంథం రాశారు. ఆ ప్రశ్న పుస్తకం పేరులోనే ఉంది. 1980లో వచ్చిన ఆయన 'విశ్వంభర' కావ్యంలో ఏ రాజూ ఏ వీరుడూ కథానాయకుడు కాదు, మనిషే నాయకుడు. మొదటిదాంట్లో వస్తువును పేరు పెట్టి చెప్పారు, రెండోదాంట్లో కావ్యమంతా నడిపించారు. రెండుచోట్లా దాన్ని విడవలేదు.

ఇక నీ అధ్యాయం. హస్తినమడుగు నుంచి గోదావరి జలం తేవడం, సిరికొండలో కుండలు చేయించడం, కేస్లాపూర్‌లో పూజ, అన్నీ శ్రద్ధగా రాశావు. కానీ నిర్మల్ బొమ్మలకూ కుంటాల జలపాతానికీ అక్కడేం పని? ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లావైనంత మాత్రాన నీ అధ్యాయంలో ఉండనక్కర్లేదు. అవి నాలుగు పేజీలు తిన్నాయి, కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే భేటింగ్‌కు మూడు వాక్యాలే మిగిలాయి. తెల్లచీర కట్టుకుని, ముఖం కప్పుకుని కొత్త కోడళ్లు నాగోబా ముందుకు వస్తారని రాసి ఊరుకున్నావు. వేరే వంశంలో పుట్టిన ఆడపిల్ల ఎప్పుడు ఈ జాతర జరిపే మెస్రం వంశపు మనిషి అవుతుంది? నీ పరిశోధన అంతా ఈ ప్రశ్న మీదే నిలబడాలని నాకు అనిపిస్తోంది. అది పట్టుకుంటే గోదావరి జలానికీ, కుండలకూ వాటి చోటు అవే దొరుకుతాయి.

వస్తువును విడవకపోవడం అంటే ఏమిటో ఆ గోండుల మీద రాసినవాళ్లలోనే చూడు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమరం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో ప్రాణం విడిచాడు. ఆ తర్వాత వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయిలో గోండుల మధ్య ఉండి వారి పురాణాలనూ, ఆచారాలనూ తరచి చూశారు. ఆచారాలు మాత్రమే రాసుకుని పోయినా పండితుడనే అనేవారు. కానీ 1945 నాటి తన నివేదికల్లో చేజారిన భూములనూ, అడవి చట్టాల పీడననూ రాశారు, ఎందుకంటే ఆయన చూసిన ఊళ్లు అదే చెప్పాయి. 1983లో సాహు, అల్లం రాజయ్య అదే భీంను నవలగా రాశారు. భీం అస్సాం తేయాకు తోటల దాకా పోయి వచ్చాడన్న కథనం జనంలో ఉంది. నవల రాసేవాళ్లు దాన్ని తీసుకుని మనిషిని నడిపించవచ్చు. నీ పరిశోధనలో తీసుకుంటే మాత్రం ఎవరు చెప్పారో, దేని ఆధారంగా చెప్పారో రాయాలి.

అసలు మాట ఇప్పుడు చెబుతున్నా, కోపం తెచ్చుకోకు. ఒక మెస్రం కోడలు ఉద్యోగం వల్ల కొన్నేళ్లు భేటింగ్‌కు రాలేకపోయిందనీ, అయినా ఇంట్లో ఎవరూ పరాయిదానిలా చూడలేదనీ నీతో చెప్పిందని మొన్న ఫోన్లో అన్నావు. అధ్యాయంలో ఆ మాట లేదు. భేటింగ్‌తోనే కోడలు వంశంలో కలుస్తుందన్న నీ వాదానికి అడ్డం వచ్చిందని వదిలేశావు. కథలో నీకు అక్కర్లేనిది వదిలెయ్యొచ్చు, అది నీ ఇష్టం. పరిశోధనలో సంబంధం లేనిదాన్నే వదలాలి, ఎదురు చెప్పేదాన్ని వదలడం తప్పు. వస్తువు మీద ప్రేమతో మనుషుల మాట నొక్కేస్తే, చదువుకున్న చేతులతో అన్యాయం చేసినట్టే. ఆమె మాటతో నీ ప్రశ్న చెడిపోదు. వంశంలో కలవడానికి భేటింగ్ ఒక్కటే దారా, ఇంట్లో రోజూ నడిచే బంధానికి ఎంత బలముంది అని ఇంకా లోతుకు పోతుంది.

ఆమె మాట తిరిగి చేర్చు, ఆమె ఒప్పుకుంటేనే. ఈ పుష్యమాసం జాతరకు ముందే కేస్లాపూర్ పోయి, అధ్యాయం మొత్తం మెస్రం పెద్దలకూ, ఆ కోడళ్లకూ చదివి వినిపించు. ఎక్కడ కాదంటారో రాసుకో. నీ గైడుకు ఆ తర్వాతే ఇవ్వు.