సంతకం చేయవలసింది ఎవరు?

మా నల్లపాడు విచారణలో, మిర్చి యార్డులో ముఠా పని చేసి వయసు మళ్లిన ఒక పెద్దాయనకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆక్సిజన్ లేనిదే పూట గడవదు. జబ్బేమిటో తేలక, గొట్టం వేసి చూడాలన్నారు డాక్టర్లు. ఆస్పత్రి వరండాలో పెద్దకొడుకు కాగితాలు నా ముందు పెట్టాడు. “ఫాదర్ గారూ, ఒప్పుకుంటే నాన్నను చేతులారా చంపినట్లవుతుందా? ఒద్దంటే వైద్యం మాన్పించిన పాపం తగులుతుందా?”

అతని భయం ఉత్త భయం కాదు. బ్రాంకోస్కోపు అనే ఆ గొట్టం దిగేది శ్వాసనాళంలోకే. గాలి పోయే దారిలో కొంత అదే ఆక్రమిస్తుంది. పరీక్ష కోసం సెలైన్ పోసి తిరిగి లాగినప్పుడు రక్తంలో ఆక్సిజన్ ఇంకా పడిపోవచ్చు. మత్తుమందు శ్వాసను మందగింపజేయవచ్చు. అందుకే ఆక్సిజన్ ముందే పెంచుతారు. మామూలు ముక్కు గొట్టాలతో నిమిషానికి 6 లీటర్ల దాకా ఇస్తారు. వెచ్చజేసి, తేమ కలిపి 60 లీటర్ల వరకు పంపే యంత్రాలు ఇప్పుడున్నాయి. బిగుతు మాస్కు మరో మార్గం. ఇవేవీ చాలకపోతే వెంటిలేటరు. ఇంటిల్లిపాదినీ నలిపేది ఆ చివరి మెట్టే.

శ్రీసభకు ఇది కొత్త ప్రశ్న కాదు. అసాధారణ సాధనాలు వాడి తీరాలన్న విధి లేదనీ, రోగి అనుమతి లేనిదే వైద్యునికి వేరే హక్కు లేదనీ 12వ పయస్ జగద్గురువులు 1957 నవంబరు 24న మత్తు వైద్యులకు చెప్పారు. వేరే మందు చాలనప్పుడు, ప్రమాదమున్న కొత్త పద్ధతినైనా రోగి సమ్మతితో వాడవచ్చుననీ, ఆశించిన ఫలితం రాకుంటే ఆపవచ్చుననీ 1980 నాటి వాటికన్ ప్రకటన అన్నది. ఖర్చును కూడ తూచమన్నది. పొలం అమ్మి బిల్లు కట్టే మన కుటుంబాలు ఈ మాట గమనించాలి. అయితే ముసలివాళ్లకు ఆక్సిజన్ దండగ అనే లెక్కకు ఇందులో చోటు లేదు. తూచవలసింది చికిత్స బరువునే గాని మనిషి విలువను కాదు.

“నాన్నను అడిగావా?” అన్నాను. అడగలేదు. పెద్దవాళ్లకు జబ్బు సంగతి దాచడం మనకు ప్రేమ!

లోపలికి వెళ్లాం. పెద్దాయన మాస్కు కొంచెం పక్కకు జరిపి డాక్టరును రెండే ప్రశ్నలు అడిగాడు: చూస్తే ఏం తెలుస్తుంది? తెలిస్తే మందుందా? క్షయ లాంటిదైతే ఉంది, క్యాన్సరైతే కష్టం అన్నారు డాక్టరు. కాసేపు ఆలోచించి, “గొట్టం వెయ్యండి. మిషను మీద నాలుగు రోజులు చూడండి, గుణం లేకపోతే తీసెయ్యండి,” అన్నాడు. వేలిముద్ర తనే వేశాడు. తరువాత కొడుకును బయటికి పొమ్మని సైగ చేసి, పాపసంకీర్తనం వినమని నన్ను అడిగాడు.